పోతన వద్దన్న శంఖచక్రాలు కలంకారీ గుడ్డ మీదికి ఎలా వచ్చాయి?

ప్రశ్న: తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. ‘ఒకే కథ: పద్యంలో, చిత్రంలో’ అన్నది నా ప్రాజెక్టు. తరగతిలో, రెక్కలు కట్టుకుని ఎగిరి సముద్రంలో పడిన ఇకారస్ అనే గ్రీకు కుర్రాడి కథ మీద రోమన్ కవి ఓవిడ్ కావ్యభాగాన్నీ చిత్రకారుడు బ్రూగెల్ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. నేను పోతన గజేంద్ర మోక్షాన్నీ మా ఇంట్లో ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డనూ తీసుకున్నాను. గుడ్డ పొడవు నాలుగడుగులు, ఎత్తు మూడడుగులు. నడుమ పెద్ద చిత్రం. పైన ఎడమవైపు గరుడుడి మీద శంఖచక్రాలతో విష్ణువు, కింద కుడివైపు తొండంతో తామర ఎత్తిన ఏనుగు, దాని వెనక కాలు పట్టిన మొసలి. చక్రం విష్ణువు వేలి మీదా ఉంది, మొసలి దగ్గరా ఉంది. పై అంచున ‘లావొక్కింతయు లేదు’ అని రాసుంది. కింద వరసగా నాలుగు చిన్న గళ్లు: రాజును శపిస్తున్న ముని, మడుగులోకి దిగే ఏనుగుల మంద, లక్ష్మి కొంగు పట్టుకునే లేస్తున్న విష్ణువు, చేతులు జోడించిన గంధర్వుడు. పద్యం ఒకవైపు, చిత్రం ఒకవైపు పట్టిక వేసి పన్నెండు పేజీలు రాశాను. మా గైడ్ చూసి ‘కథను రెండుసార్లు చెప్పావు, పోల్చలేదు’ అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎర్రటి నేపథ్యం మొసలి రౌద్రానికి గుర్తని రాశాను, సరేనా? శంఖచక్రాలు పట్టలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు అని ‘సిరికిం జెప్పడు’ పద్యంలో స్పష్టంగా ఉంది కదా. చిత్రకారుడు పద్యం చదవకుండానే వేశాడా?

సమాధానం: మీ చివరి ప్రశ్న నుంచి మొదలుపెడదాం. మీ పన్నెండు పేజీల్లో లేని పోలిక ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. దాన్ని చిత్రకారుడి మీద ఫిర్యాదుగా రాయకుండా, జవాబు వెతకాల్సిన ప్రశ్నగా రాస్తే మీ వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే.

పద్యాన్ని మళ్లీ చూడండి. సిరికి చెప్పడు. శంఖచక్రాలను చేదోయి సంధింపడు (రెండు చేతులా పట్టడు). పరివారాన్ని చీరడు (పిలవడు). అభ్రగపతిని, అంటే గరుడుణ్ణి, పన్నింపడు (సిద్ధం చేయడు). చెవుల దాకా జారిన జుట్టును చక్కనొత్తడు (సరిచేసుకోడు). ప్రణయకలహంలో చేతికి వచ్చిన కొంగును వీడడు. నాలుగు పాదాల్లో ఆరు వ్యతిరేక క్రియలు. శంఖం అనగానే శంఖం మన మనసులో మెదులుతుంది, ఆ వెంటనే కవి దాన్ని తీసేస్తాడు. గరుడుడు మెదులుతాడు, తీసేస్తాడు. మామూలుగా బయల్దేరితే ఆ స్వామి ఎంత వైభవంతో బయల్దేరుతాడో చూపిస్తూనే, ఇప్పుడు అవేవీ లేవని చెప్పడం ఇక్కడి పని. తొందర అన్న మాట వాడకుండా తొందరను చూపించిన తీరు ఇది.

చిత్రకారుడికి ఈ దారి మూసుకుపోయింది. గీతలో ‘లేదు’ అనే క్రియ ఉండదు. శంఖం గీస్తే శంఖం ఉన్నట్టే. గీయకపోతే లేనట్టు తెలియదు, అసలు ఆ ఊసే రాదు. పైగా శంఖచక్రాలూ గరుడుడూ లేకుండా నీలి దేహంతో కిరీటం పెట్టుకున్న మనిషిని గీస్తే, చూసేవాళ్లు ఆయన్ని రాముడనుకోవచ్చు, మరో దేవుడనుకోవచ్చు. పద్యంలో విష్ణువును పోల్చుకోవడానికి ఒక్క మాట చాలు. పటంలో ఆయుధాలూ వాహనమూ ఆయన పేరు పలకాలి. పోతనకు అక్కర్లేనివి ఈ చిత్రకారుడికి తప్పనిసరి కావడానికి మొదటి కారణం ఇదే.

ఆరింటిలో చివరిది మిగతా ఐదింటికి భిన్నం. మొదటి ఐదు చేయకపోవడాలు, చివరిది వదలకపోవడం. చెప్పకపోవడాన్ని గీయలేం కానీ, వదలకపోవడాన్ని గీయొచ్చు: చెయ్యి ఉంటుంది, చేతిలో కొంగు ఉంటుంది. మీ గుడ్డలో మూడో చిన్న గడి చూడండి. చిత్రకారుడు ఆ పద్యం నుంచి బొమ్మకు వీలైనదాన్ని ఏరి తీసుకున్నాడు. పద్యం తెలియనివాడు చేసే పని కాదది. కనీసం ఆ ఘట్టాన్ని ఈ రూపంలో విన్నవాడో, పెద్దల పటాల్లో చూసినవాడో అయి ఉండాలి. ఈ ఒక్క విషయానికే మీరు రెండు పేజీలు ఇవ్వొచ్చు.

రెండో కారణం కోసం సంస్కృత మూలానికి వెళ్లాలి. వ్యాస భాగవతం అష్టమ స్కంధం మూడో అధ్యాయం చివరి శ్లోకాలు తీసి చదవండి. అక్కడ విష్ణువు గరుడుడి మీదే, చక్రాయుధంతోనే వస్తాడు. ఏనుగు ఆయన్ని ఆకాశంలో చూసి, తామరపువ్వుతో తొండమెత్తి నారాయణా అని మొక్కుతుంది. ఆయన ఒక్కసారిగా కిందికి దిగి, ఏనుగునూ మొసలినీ కలిపి మడుగులోంచి బయటికి లాగి, చక్రంతో మొసలి నోరు చీలుస్తాడు. అంటే మీ గుడ్డలోని గరుడుడు, చక్రం, తొండంలో తామర మూడూ సంస్కృత శ్లోకాల్లో ఉన్నవే. ఆయుధాలూ వాహనమూ పట్టించుకోకుండా బయల్దేరడం ఆ శ్లోకాల్లో లేదు, పోతన పద్యంలో ఉంది. కాబట్టి మీ ముందున్నవి రెండు కథనాలు కావు, మూడు. నడిమి చిత్రం సంస్కృత శ్లోకాలకు దగ్గరగా, మూడో గడి పోతనకు దగ్గరగా, పై అంచు అక్షరాలు పూర్తిగా పోతనవిగా ఉన్నాయి. ఒకే గుడ్డ మీద ఈ మూడూ కలిశాయన్న విషయం మీ వ్యాసంలో తప్పకుండా రావాలి.

దీనికి చిన్న పరీక్ష కూడా ఉంది. మొసలికి దెబ్బ ఎక్కడ తగిలిందో దగ్గరగా చూడండి. ఎరుపు నోటి దగ్గర ఉంటే శ్లోకంలోని ‘నోరు చీల్చడం’. మెడ దగ్గర ఉంటే పోతన ‘భీమంబై తల ద్రుంచి’ అన్నది. మీ ఉత్తరంలో ‘మొసలి దగ్గర’ అని మాత్రమే రాశారు. ఆ నాలుగంగుళాల జాగాలో మీకు గట్టి సాక్ష్యం ఉంది.

మూడో కారణం మరీ సులువైనది, అందుకే కంటికి ఆనదు. ‘సిరికిం జెప్పడు’ బయల్దేరిన క్షణం. మీ నడిమి చిత్రం చేరుకున్న క్షణం. ఈ రెంటికీ మధ్య పోతనే ఇంకో పద్యం పెట్టాడు. ‘తన వెంటన్ సిరి’ అని మొదలయ్యే ఆ పద్యంలో లక్ష్మి, ఆమె వెనక అంతఃపురం, ఆ వెనక పక్షీంద్రుడు, అతని పక్కనే ధనుస్సు, గద, శంఖచక్రాలు, నారదుడు, సేనాపతి, చివరికి వైకుంఠంలో ఉన్నవాళ్లంతా వెంటపడి వచ్చారు. స్వామి పిలవలేదు, వాళ్లే వచ్చారు. కాబట్టి పోతన లెక్క ప్రకారం చూసినా, మడుగు దగ్గరికి వచ్చేసరికి గరుడుడూ చక్రమూ అందుబాటులో ఉన్నట్టే. ఒక్క పద్యం పట్టుకుని పటాన్ని తప్పు పట్టేముందు దాని వెనకా ముందూ పది పద్యాలు చదవాలి. ఈ రకం ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇక పట్టిక సంగతి. ‘పద్యంలో ఏనుగు ఉంది, చిత్రంలో ఏనుగు ఉంది’ అన్న వరసలన్నీ కథ తాలూకు వరసలే. కథ రెండిటికీ ఒకటే కాబట్టి మీరు ఎంత రాసినా కథే రెండుసార్లు వస్తుంది. గైడ్ చెప్పింది సరైన మాట. పోల్చాల్సింది కథ చేరే తీరును. పాఠకుడికి ఏది ఎప్పుడు తెలుస్తుందన్నది పద్యం చేతిలో ఉంటుంది. చూసేవాడి కన్ను ఎక్కడ ఆగుతుంది, ఎటు జారుతుంది అన్నది పటం చేతిలో ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని మళ్లీ పని మొదలుపెట్టండి.

ముందు గుడ్డ. పుస్తకం మూసి, ఓ ఇరవై నిమిషాలు గుడ్డను మాత్రమే చూడండి. తెల్లకాగితం మీద పెన్సిలుతో బొమ్మల స్థానాలు మాత్రం గుర్తించండి. అందంగా ఉండక్కర్లేదు, గుండ్రాలూ గీతలూ చాలు. తర్వాత ప్రతి ముఖం నుంచి అది చూస్తున్న దిక్కుకు ఒక బాణం గీయండి. ఏనుగు విష్ణువును చూస్తోందా, మొసలినా? విష్ణువు చూపు ఎవరి మీద? మొసలి ఎవరినైనా చూస్తోందా? తర్వాత టేపుతో విష్ణువు ఎత్తు, ఏనుగు ఎత్తు, మొసలి పొడవు సెంటీమీటర్లలో కొలవండి. ఈ సంప్రదాయంలో బొమ్మ పరిమాణం దూరాన్ని బట్టి ఉండదు, ప్రాధాన్యాన్ని బట్టి ఉంటుంది. ఆకాశంలో ఉన్న స్వామి పక్కనే నిలబడ్డవాడంత పెద్దగా కనపడితే అది కొలత తెలియక చేసిన పని కాదు. చివరగా నీటిని చూడండి. కలంకారీలో నీళ్లు సాధారణంగా అలల గీతలూ చేపలూ తామరలే. నీటి అడుగున ఏనుగు కాలు, దాన్ని పట్టిన మొసలి దవడ రెండూ గట్టు మీద ఉన్నవాటంత స్పష్టంగా ఉంటే, పైనా కిందా ఒకేసారి చూపిస్తున్నాడన్నమాట. ఒడ్డున నిలబడిన మనిషికి ఆ చూపు ఉండదు.

తర్వాత పద్యాలు. గజేంద్ర మోక్షం మొత్తం మీద పడకండి, ఏడెనిమిది పద్యాలు చాలు. ప్రతి పద్యం రెండుసార్లు పైకి చదివి, క్రియల కింద గీత గీయండి. పక్కన కర్త పేరు రాయండి. వాక్యం పద్యంలోనే ముగిసిందా, తర్వాతి పద్యంలోకి సాగిందా చూడండి. ‘అల వైకుంఠపురంబులో’ పద్యానికి ఇలా చేస్తే అసలు విషయం బయటపడుతుంది. పురం, నగరి, ఆ మూల సౌధం, దాపల మందారవనం, అమృతసరస్సు, దాని అంచున చంద్రకాంతశిల, కలువల పాన్పు, రమ. దూరం నుంచి దగ్గరికి ఒక్కో గడపా దాటిస్తూ మనల్ని లోపలికి తీసుకెళ్తాడు. ‘పాహి పాహి’ అన్న కేక నాలుగో పాదంలో గానీ రాదు. వచ్చాక కూడా పద్యం ‘సంరంభియై’ అని ఆగుతుంది, వాక్యం ముగియదు. మీ గుడ్డలో ఈ ప్రయాణం లేదు. వైకుంఠమంతా ఒక చిన్న గడిలో సర్దుకుంది. ఈ నష్టాన్ని దాచకుండా రాయండి.

నష్టం పద్యం వైపు కూడా ఉంటుంది. పోరు పద్యాన్ని తీసుకోండి:

కరి దిగుచు మకరి సరసికి
గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్
గరికి మకరి మకరికి గరి
భర మనుచును నతల కుతల భటు లదిరిపడన్

కరి నాలుగుసార్లు, మకరి నాలుగుసార్లు. మొదటి పాదంలో మొసలి ఏనుగును మడుగులోకి లాగుతుంది, రెండో పాదంలో ఏనుగు మొసలిని ఒడ్డుకు లాగుతుంది. మూడో పాదంలో లాగడం కూడా పోయి పేర్లే తలపడ్డాయి. దాదాపు అన్నీ లఘువులు కావడంతో నాలుక ఆగడానికి చోటుండదు. ఎవరు గెలుస్తున్నారో తేలని ఊగులాట చెవికి అందుతుంది. కానీ ఈ పద్యంలో ఏనుగు ఎలా ఉందో, ఎంత అలసిందో ఒక్క ముక్క లేదు. గుడ్డలో అదే ఉంది. ఊగులాట ఒక్క లాగుడు దగ్గర ఆగిపోయింది, దానికి బదులు ఒళ్లు కనిపిస్తోంది. ఏనుగు వీపు గీత ఎటు వాలింది? ముందుకాళ్లు గట్టు మీద ఉన్నాయా, నీళ్లలోనా? తోక బిగుసుకుందా? ఆ గీతలను బట్టి చిత్రకారుడు ఎవరి బలం తగ్గిన క్షణాన్ని ఎంచుకున్నాడో చెప్పొచ్చు. సంస్కృతంలో ఆ పోరు వెయ్యేళ్లు సాగింది. అందులో ఏ క్షణాన్ని తీసుకున్నాడన్నది చిత్రకారుడి తీర్పు.

చక్రం దగ్గరా ఇంతే శ్రద్ధ పెట్టండి. ‘కరుణాసింధుడు శౌరి వారిచరమున్ ఖండింపగా బంపె’ అని క్రియ మొదటి పాదంలోనే వచ్చేసింది. ఏం పంపాడు? భూమిని కంపింపజేసేది, నిప్పురవ్వలతో ఆకాశంలోని శుక్రుణ్ణి మించేది అంటూ విశేషణాలు నాలుగు పాదాలూ దూసుకుపోయి, పద్యం చిట్టచివరి మాటగా ‘చక్రమున్’ వస్తుంది. మొసలి తల తెగే పద్యంలోనూ ఇదే అమరిక. తెంచిన సంగతి ముందే చెప్పి, ‘గ్రాహమున్’ అన్న మాట ఆఖర్న పెట్టాడు. వేలు వదిలిన చోటు మొదటి పాదమైతే, తగిలే చోటు చివరి పాదం. నడుమంతా ప్రయాణమే.

మీ గుడ్డలో చక్రం రెండుచోట్ల ఉండటం ఈ ప్రయాణానికి చిత్రకారుడు వెతుక్కున్న దారి. పొరపాటున రెండు చక్రాలు వేశాడని రాయకండి. వేలి మీదున్నదీ మొసలి దగ్గరున్నదీ ఒకటే చక్రం, రెండు వేర్వేరు క్షణాల్లో. ఈ రెంటి మధ్య ఖాళీని కూడా కొలవండి. అక్కడ పూలూ మేఘాలూ నింపాడా, ఎర్రగా వదిలేశాడా? దారి ఖాళీగా ఉంటే కన్ను వేగంగా జారుతుంది.

ఇక్కడ మీ తరగతి పాఠాల్లో వినిపించే ఒక సూత్రాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది. 1766లో జర్మన్ రచయిత లెస్సింగ్, కవిత్వం కాలంలో సాగుతుంది, చిత్రం స్థలంలో ఉంటుంది, కాబట్టి చిత్రకారుడు ఒకే ఒక్క సారవంతమైన క్షణాన్ని ఎంచుకోవాలి అని వాదించాడు. ఆయన ముందున్నది గ్రీకు, రోమను శిల్పం. కథాపటాలు గీసే మన కలంకారీలో ఒకే మనిషి ఒకే గుడ్డ మీద పదిసార్లు వస్తాడు. లెస్సింగ్ మాట ఉదహరించవచ్చు, కానీ మీ గుడ్డ ఆ మాటకు ఎక్కడ లొంగలేదో కూడా వెంటనే చెప్పాలి. సూత్రాన్ని ముందుపెట్టి గుడ్డను దానికి సరిపెడితే రెండు చక్రాలు మీకు తప్పుగానే కనిపిస్తాయి.

గళ్ల వరసలో ఇంకో పెద్ద తేడా ఉంది, మీ ఉత్తరంలో దాన్ని దాటేశారు. భాగవతంలో ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజని, అగస్త్యుడి శాపం వల్ల అలా పుట్టాడని, మొసలి దేవలుడు శపించిన హూహూ అనే గంధర్వుడని రక్షణ అంతా అయిపోయాక తెలుస్తుంది. అప్పటిదాకా మనకు అది దిక్కులేని ఏనుగే. మీ గుడ్డలో శాపం మొదటి గడి. చూసేవాడికి ముందే తెలుసు ఆ ఏనుగు రాజని, ఇది శాపఫలమని. జాలి అదే కావచ్చు, రకం వేరు. పైగా నడిమి చిత్రంలో స్వామి ముందే వచ్చేసి ఉన్నాడు. పోతన ఏనుగు ‘కలడు కలం డనెడివాడు గలడో లేడో’ అని అడుగుతుంది. ఆ సందేహాన్ని పాఠకుడు కూడా కొన్ని పద్యాల దూరం మోస్తాడు. పటం ముందు నిలబడినవాడు ఆ ప్రశ్న అడగలేడు, జవాబు తల పైకెత్తితే కనిపిస్తోంది. నా దృష్టిలో పద్యానికీ పటానికీ ఈ కథలో ఉన్న అన్నిటికంటే లోతైన తేడా ఇదే. పటానికి దక్కిన లాభం కూడా ఇక్కడే ఉంది. పద్యంలో ఏనుగు అరిచినప్పుడు స్వామి లేడు, స్వామిని వర్ణిస్తున్నప్పుడు ఏనుగు లేదు. పటంలో ఇద్దరూ ఒకేసారి ఉన్నారు, ఎంతసేపు చూస్తే అంతసేపూ.

పై అంచు అక్షరాలను అలంకారంగా తీసిపారేయకండి. ‘లావొక్కింతయు లేదు’ కవి మాట కాదు, ఏనుగు మాట. మొదటి రెండు పాదాల్లో బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది, శ్రమగా ఉంది అని ఆరు సంగతులున్నాయి. ఆరూ లోపలివి, బొమ్మలో పూర్తిగా పట్టుబడనివి. బొమ్మ చేయలేని పనిని చిత్రకారుడు అక్షరాలకు అప్పగించాడు. గుడ్డ మీద ఎంత భాగం రాశాడో, ఎక్కడ ఆపాడో, అక్షరదోషాలతో సహా ఉన్నదున్నట్టు దించి రాయండి, దిద్దకండి.

ఎరుపు మాటకొస్తే, ఆ వాక్యం కొట్టేయండి. శ్రీకాళహస్తి పనిలో ఎర్రటి నేపథ్యం చాలా పటాల్లో ఉంటుంది, కల్యాణఘట్టాల్లో కూడా. అర్థం అంటగట్టే ముందు అదే గుడ్డలో గంధర్వుడి గడి వెనక ఏ రంగుందో చూడండి. అక్కడా ఎరుపే అయితే రౌద్రం మాట నిలబడదు. రంగులు ఎలా వస్తాయో తెలిస్తే ఇలాంటి తొందరపాటు తగ్గుతుంది. నేత గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డలో పాకదు. చింతబరిక బొగ్గుతో నమూనా గీసుకుంటారు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరితే వచ్చే ద్రవాన్ని కసిం అంటారు. దాన్ని ఉన్నిగుడ్డ చుట్టిన వెదురు కలంతో గీస్తే, కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఈ నల్లగీత చెరగదు. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్లు పూసి, ఉతికి, మొక్క వేళ్ల నుంచి తీసిన రంగులో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పసుపు, నీలం తర్వాత వస్తాయి. పసుపూ నీలమూ కలిసినచోట ఆకుపచ్చ. తెలుపు వేయరు, గుడ్డనే వదిలేస్తారు. మీ పోలికకు ఇందులో పనికొచ్చేవి రెండు. గీత చెరగదు కాబట్టి కూర్పు అంతా బొగ్గు దశలోనే తేలిపోవాలి, అంటే మీరు చూస్తున్న ప్రతి గీతా ముందే తీసుకున్న నిర్ణయం. రెండోది, ఈ పనిలో వెలుగునీడలు ఉండవు, దూరం దగ్గర గీత మీదే తెలియాలి.

ఇవన్నీ రాసేముందు గుడ్డ చేతిపనేనని నిర్ధారించుకోండి. ఒకే రకం తామరలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే చేతిపనిలో ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు, గీత మందం కూడా మారుతుంది. అచ్చుపోసినట్టు ఒకేలా ఉంటే స్క్రీన్ ప్రింటు కావచ్చు. పెడన, మచిలీపట్నం వైపు కలంకారీ చెక్క అచ్చులతో వేసేది, దాని సంప్రదాయం వేరు. రెంటినీ కలిపి రాస్తే పరీక్షకులు మొదట పట్టుకునేది అదే.

ఇకారస్ పాఠాన్ని వృథా చేయకండి, ఒక పేరాలో వాడుకోండి. ఓవిడ్ కావ్యం ఎనిమిదో భాగంలో జాలరి, గొర్రెలకాపరి, నాగలి పట్టిన రైతు ఆకాశంలో ఎగురుతున్న తండ్రీకొడుకులను చూసి దేవతలనుకుని ఆశ్చర్యపోతారు. బ్రూగెల్ చిత్రంలో రైతు ముందు పెద్దగా ఉండి తన సాలు తను దున్నుకుంటాడు. ఇకారస్ మూలన నీళ్లలో మునుగుతున్న రెండు కాళ్లు మాత్రమే. కావ్యంలో ఉన్న మనుషులే, చూపులు మారాయి, కొలతలు మారాయి, కథ తాత్పర్యమే మారింది. మీరు గీసిన బాణాలూ సెంటీమీటర్లూ పనికొచ్చేది ఇలాంటి చోటే. మీ గుడ్డలో ఆపదను పట్టించుకోనివాళ్లు ఉన్నట్టు మీరు రాయలేదు. ఆ తేడాను ఒక వాక్యంలో చెప్పి వదిలేయండి, ఇకారస్ వెంట నాలుగు పేజీలు పోవద్దు.

మాటల విషయంలో ఒక్క హెచ్చరిక. ‘కళ్లకు కట్టినట్టు వర్ణించాడు’, ‘జీవం ఉట్టిపడుతోంది’ అన్న వాక్యాలు మీ చిత్తుప్రతిలో ఉంటే కొట్టేసి, ఏ పదం, ఏ గీత ఆ పని చేసిందో రాయండి. ‘పోతన ఆధారంగా గీసినది’ అని కూడా రాయకండి. చిత్రకారుడి చేతికి కథ హరికథ నుంచి వచ్చి ఉండొచ్చు, గురువు నమూనా నుంచి వచ్చి ఉండొచ్చు. చిత్ర, శిల్ప సంప్రదాయాలకు సొంత వంశవృక్షాలుంటాయి. గుప్తుల కాలపు దేవగఢ్ దశావతార ఆలయంలో ఈ కథే చెక్కారు, అక్కడ ఏనుగును చుట్టుకున్నది మొసలి కాదు, నాగుడు. పై అంచున పోతన పద్యం ఉంది కాబట్టి, ‘పోతన పద్యాన్ని తనలో చేర్చుకున్న పటం’ అనడం వరకు మీకు హక్కుంది. పద్యాల పాఠం ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో మొదటి పేజీలోనే చెప్పండి. తిరుమల తిరుపతి దేవస్థానం వారి భాగవతం మీ గ్రంథాలయంలో దొరుకుతుంది. భాగవతంలో కొన్ని స్కంధాలు గంగన, సింగన, నారయ పూరించినవి. గజేంద్ర మోక్షం ఉన్న అష్టమం పోతనదే కాబట్టి ఆ చిక్కు మీకు లేదు.

పన్నెండు పేజీలను ఇలా పంచుకోండి: గుడ్డ వివరం, పద్యాల ఎంపిక కలిపి ఒకటిన్నర పేజీ, కథాసారం అరపేజీ మించకుండా. ‘సిరికిం జెప్పడు’కూ శంఖచక్రాలకూ నాలుగు పేజీలు, ఎందుకంటే అక్కడ మీ సొంత ప్రశ్న ఉంది. పోరుకు రెండు, చక్రానికి రెండు. శాపం గడి, సందేహం కలిపి రెండు. ‘సిరికిం జెప్పడు’ పేజీల్లోనే లక్ష్మికి కొంచెం చోటు మిగల్చండి. ‘అడిగెదనని కడువడి జను’ పద్యంలో ఆమె అడుగు వేస్తూ ఆగుతూ ఉండటం లఘువుల నడకలోనే వినిపిస్తుంది. మూడో గడిలో ఆమె పాదం ఎటు తిరిగి ఉందో చూసి రాయండి. ఫొటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, గుడ్డకు ఎదురుగా నిలబడి తీయండి. ఒక మూల స్కేలు పెట్టండి. నడిమి చిత్రం, నాలుగు గళ్లు, అక్షరాలు, మొసలి నోరు విడివిడిగా కావాలి.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి నలభై కిలోమీటర్ల లోపే. గుడ్డ చుట్టి తీసుకెళ్లి (మడతపెట్టవద్దు, మడతల దగ్గర రంగు అరుగుతుంది), పని చేస్తున్న పెద్దవాళ్లలో ఒకరికి చూపించండి. ఎందుకిలా వేశారని అడిగితే ‘అలాగే వేస్తాం’ అన్న జవాబే వస్తుంది. దానికన్నా, గజేంద్ర మోక్షం వేసేటప్పుడు మొదట ఏ బొమ్మను బొగ్గుతో పెడతారు, గరుడుడు లేకుండా ఎప్పుడైనా వేశారా, పైన రాసే పద్యాన్ని ఎవరు ఎంచుతారు అని అడగండి. చెప్పినది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకుని, పేరు వేయడానికి అనుమతి అడిగి మరీ వ్యాసంలో చేర్చండి.